రెండోసారి మోగితే ఎత్తండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. కాకినాడలో ఉంటాం. ఆరేళ్లుగా ఇంటి దగ్గరే కూర్చుని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తున్నాను. ఎక్కువగా క్లినికల్ ట్రయల్స్‌లో, అంటే కొత్త మందుల్ని మనుషుల మీద పరీక్షించే చోట, రోగులు సంతకం పెట్టే సమ్మతి పత్రాలు. రెండు ఏజెన్సీలు పని ఇస్తాయి. ఆయన ఆఫీసుకి, పాప బడికి వెళ్లాక తొమ్మిదిన్నరకి కూర్చుంటాను. అక్కణ్నుంచి ఫోను మొదలు. పదకొండింటికి అమలాపురం నుంచి అమ్మ. "ఎంతవరకు వచ్చిందండీ" అని ఏజెన్సీ మేనేజరు మూడు నాలుగుసార్లు. లోన్ కావాలా అని ఒకరు, కొరియర్ అని ఒకరు. పాప క్లాసు గ్రూపులో మెసేజీలు సరేసరి. ఆడపడుచు, పిన్ని, పాత స్నేహితురాలు, అందరి లెక్కలో నేను ఇంట్లో ఖాళీగా ఉన్నదాన్ని.

పోయిన నెల ఒక గురువారం సాయంత్రం ఆరింటికి పెద్ద ఫైలు ఇవ్వాల్సి వచ్చింది. విసుగొచ్చి ఫోను సైలెంట్‌లో పెట్టి బీరువాలో పడేశాను. సరిగ్గా ఆ రోజే అమ్మకి షుగర్ పడిపోయి కళ్లు తిరిగి పడిపోయింది. పక్కింటావిడ నాకు ఏడుసార్లు చేసింది. నేను చూసుకునేసరికి మధ్యాహ్నం మూడున్నర. దేవుడి దయవల్ల అమ్మకి ఏమీ కాలేదు, ఆవిడే పంచదార నీళ్లు పట్టించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. కానీ బెంగళూరులో ఉన్న మా తమ్ముడు "ఎత్తనిదానికి నీకు ఫోనెందుకక్కా" అన్నాడు. అప్పట్నుంచి ఫోను సైలెంట్‌లో పెట్టలేకపోతున్నాను. మోగిన ప్రతిసారీ గుండె ఝల్లుమంటోంది. ఎత్తితే పని చెడుతోంది, ఎత్తకపోతే ప్రాణం ఒప్పడం లేదు. గడువు పెట్టుకుని పనిచేసేవాళ్లు ఫోను సంగతి ఎలా చూసుకుంటారు? సైలెంట్‌లో పెట్టడం తప్పా?

ఒక అనువాదకురాలు, కాకినాడ

సమాధానం: మీ ఉత్తరం చదువుతూ మీ తమ్ముడన్న మాట దగ్గర ఆగిపోయాను. కంగారులో అని ఉంటాడు. ఈపాటికి అతను మర్చిపోయి కూడా ఉంటాడు. మీలో మాత్రం ఆ మాట దిగబడిపోయింది. అందుకని ఫోను సంగతి కంటే ముందు ఆ గురువారం సంగతి తేల్చుకుందాం.

ఆ రోజు మీరు మొదటి రింగుకే ఎత్తారనుకోండి. కాకినాడలో బయల్దేరి యానాం, ఎదుర్లంక వంతెన మీదుగా వెళ్లినా అమలాపురం చేరడానికి గంటన్నర పైమాటే. కళ్లు తిరిగి పడిపోయిన మనిషి పక్కన ఆ గంటన్నరా ఎవరుండాలి? పక్కింటావిడే ఉండాలి. ఉంది కూడా. చేయాల్సిందంతా చేసింది. మీరు ఎత్తి ఉంటే ఆవిడకి ధైర్యంగా ఉండేది, మీరు త్వరగా బయల్దేరేవారు, అంతవరకు నిజం. కానీ అమ్మకి జరగాల్సిన సాయం మీ ఫోను మీద ఆధారపడి లేదు. ఇది మీకు మీరు గట్టిగా చెప్పుకోండి.

లోపం ఉన్నది ఇంకోచోట. మూడున్నర దాకా మీరు ఫోనుకి దొరకరని ఎవరికీ తెలియదు. మీరు అందకపోతే ఇంకెవరికి చేయాలో ఆ పక్కింటావిడకీ తెలియదు. ఏడుసార్లూ మీకే చేసిందంటే మీ తమ్ముడి నంబరు గానీ మీవారి నంబరు గానీ ఆవిడ దగ్గర లేనట్టే కదా. సైలెంట్‌లో పెట్టడం తప్పు కాదండీ. ఒక్క మాట ముందుగా చెప్పి పెట్టుకోవాలి, నిజంగా అవసరమైనవాళ్లు లోపలికి రావడానికి ఒక దారి ఉంచాలి. నేను చెప్పబోయేదంతా ఆ దారి గురించే.

నేను ఇరవై ఏళ్ల పైగా ఇదే పని చేస్తున్నాను. మీరు చేసే సమ్మతి పత్రాలే చాలాకాలం చేశాను. బయటివాళ్లకి ఇది "ఇంట్లో కూర్చుని టైపు కొట్టుకోవడం". అందులో ఏముందో మీకూ నాకూ తెలుసు. ట్రయల్‌లో చేరే మనిషికి అర్థమయ్యే భాషలోనే సమ్మతి పత్రం ఉండాలని మన 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చెబుతున్నాయి. అంటే ఏ ఊళ్లోనో ఒక రోగి తన ఒంటి మీద ఏం జరగబోతోందో తెలుసుకునేది మీ తెలుగు చదివే. ఆ కాగితం మీద అతని సంతకం ఉంటుంది.

ఇంకో సంగతి కూడా మనకే తెలుసు. ఇంగ్లీషు వాక్యంలో "వద్దు" అనేది మొదట్లోనే వచ్చేస్తుంది. తెలుగులో అది చిట్టచివర క్రియ తోకలో ఉంటుంది. "మీకు కిడ్నీ జబ్బు ఉన్నా, గత ఆరు నెలల్లో ఇంకో ట్రయల్‌లో పాల్గొని ఉన్నా, గర్భవతి అయి ఉన్నా, ఈ మందు తీసుకో..." ఇక్కడిదాకా వచ్చేసరికి ఫోను మోగిందనుకోండి. మిగిలింది మూడక్షరాలు. ఆ "కూడదు"ని మనం వాక్యం పొడుగునా నోట్లో పట్టుకుని నడుస్తూ ఉంటాం. ఫోనుకి నోరు తెరిస్తే అది జారిపోతుంది.

నాకు జారిపోయింది. పన్నెండేళ్ల కిందట, పెళ్లి శుభలేఖ పంపడానికి మా ఇంటి అడ్రసు అడుగుతూ ఒక బంధువు చేశారు. నిమిషం కూడా మాట్లాడలేదు. తిరిగి వచ్చి వాక్యం పూర్తి చేశాను, "తీసుకోవచ్చు" అని. తెలుగు కాగితాన్ని ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి చేయించి మూలంతో పోల్చే పద్ధతి ఉంది కాబట్టి అక్కడ దొరికింది. దొరకకపోతే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పట్నుంచి ఫోను సంగతి నాకు చిరాకుకి సంబంధించిన విషయం కాదు, పనికి సంబంధించిన విషయం అయింది.

ఆ నిమిషం కూడా అక్కర్లేదని తర్వాత తెలిసింది. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ఎరిక్ ఆల్ట్‌మన్, ఆయన సహచరులు 2014లో ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. వరసగా చేయాల్సిన పనిలో సగటున 2.8 సెకన్ల అంతరాయం వస్తే చాలు, వరస తప్పే పొరపాట్లు రెట్టింపయ్యాయి. మరుసటి ఏడాది ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఇంకోటి చూశారు. ఫోను ఎత్తకపోయినా, మెసేజీ చదవకపోయినా, వచ్చిందని తెలిస్తేనే శ్రద్ధ పెట్టాల్సిన పనిలో తప్పులు పెరిగాయి. మీకు గుండె ఝల్లుమనేది అందుకే. ఎత్తకుండా ఊరుకున్నా, ఎవరై ఉంటారా అని మనసు సగం అటే పోతుంది.

"అయినా ఆరింటికల్లా ఫైలు ఇచ్చేశాను కదా" అని మీకు అనిపించవచ్చు. ఇస్తాం. కాలిఫోర్నియాలో గ్లోరియా మార్క్ అనే ఆవిడ, ఆవిడతో పనిచేసినవాళ్లు 2008లో గమనించింది కూడా అదే. అంతరాయాలు వచ్చినవాళ్లు పోయిన సమయాన్ని పూడ్చుకోవడానికి పరిగెత్తి, పనిని ఇంకా ముందే ముగించారు. కానీ వాళ్లలో ఒత్తిడి, చిరాకు, హడావిడి బాగా ఎక్కువ. గడువు అందుకున్న రోజు సాయంత్రం పాప మీద ఊరికే కసురుకుంటున్నారా? అయితే ఆ పరుగు ఖరీదు పాప కడుతోంది. మాకు అదే జరిగింది కాబట్టి అడుగుతున్నాను.

సరే, ఏం చేయాలి?

సెట్టింగుల జోలికి పోకముందు మూడు రోజులు ఒక నోటుపుస్తకం పక్కన పెట్టుకోండి. వచ్చిన ప్రతి కాల్‌కీ ఎవరు, ఎన్నింటికి, ఎందుకు అని ఒక్క ముక్క రాయండి. పక్కన "ఒంటిగంట దాకా ఆగేదా" అని రాసుకోండి. నేను రాసినప్పుడు ఆగలేనిది మూడు రోజుల్లో ఒక్కటి తేలింది, గ్యాసు బండ అబ్బాయి కింద నిలబడి కోడ్ అడిగిన కాల్. మీకు ఏం తేలుతుందో నేను చెప్పలేను గానీ, మీ ఉత్తరంలో ఉన్న జాబితాలో మాత్రం అమ్మ ఆరోగ్యం ఒక్కటి తప్ప భోజనాల దాకా ఆగలేనిది నాకు కనపడలేదు.

ఇక అమ్మ. అన్నిటికంటే ఇదే ముఖ్యం, ఇక్కడే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. "పనివేళల్లో చేయకమ్మా" అంటే ఆవిడ మానేస్తుంది. నిజంగా అవసరమైన రోజున కూడా చేయదు. "దానికి పని ఉంటుందిలే" అని మంచం మీద పడుకుంటుంది. మన అమ్మలు అంతే. అందుకని చేయవద్దని ఎప్పుడూ అనకండి. ఆవిడ చేసేలోపు మీరే చేయండి.

ఆవిడ పదకొండింటికే ఎందుకు చేస్తోందో ఆలోచించారా? పొద్దున్న పూజ, వంట అయిపోయి, గిన్నెలు కడిగేసి, ఇల్లంతా నిశ్శబ్దమైపోయే వేళ అది. ఒంటరిగా ఉన్న మనిషికి రోజులో అన్నిటికంటే పొడుగైన గంట. మీరు ఆ గంటని మార్చలేరు. మీ పనిని మాత్రం దానికి తగ్గట్టు కోసుకోగలరు. తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా ఒక విడత పెట్టుకోండి, ఏ ఫోనూ లేకుండా. సరిగ్గా పదకొండుకి కుర్చీలోంచి లేచి మీరే అమ్మకి చేయండి. నడుస్తూ మాట్లాడండి, టీ పెట్టుకుంటూ మాట్లాడండి, పావుగంట. ఎటూ గంటన్నరకి లేవాల్సిందే కదా, కళ్లకైనా నడుముకైనా. మళ్లీ పదకొండుంబావు నుంచి ఒంటిగంట దాకా రెండో విడత. వారం రోజులు మీరే పదకొండుకి చేస్తే, ఎనిమిదో రోజు నుంచి ఆవిడ తనే చేయడం మానేసి మీ ఫోను కోసం చూస్తుంది. మా అమ్మ విషయంలో వారం కూడా పట్టలేదు.

ఆ మధ్యలో ఒంట్లో బాగోకపోతే? దానికి ఒకటే మాట నేర్పండి: "అమ్మా, అర్జెంటైతే వెంటవెంటనే రెండుసార్లు చెయ్యి." ఫోన్లలో దీనికి ఏర్పాటుంది. ఆండ్రాయిడ్ ఫోనులో "డు నాట్ డిస్టర్బ్" పెట్టినప్పుడు, ఒకే నంబరు నుంచి 15 నిమిషాల్లోపు రెండో కాల్ వస్తే మోగనిచ్చే మీట ఒకటి ఉంటుంది, రిపీట్ కాలర్స్ అని. ఐఫోనులో అయితే మూడు నిమిషాల్లోపు రెండో కాల్ రావాలి. సైలెంట్ వేరు, ఇది వేరు. సైలెంట్ అందరినీ ఒకేలా ఆపేస్తుంది, ఆ గురువారం జరిగింది అదే. ఇది అవసరం ఉన్నవాళ్లని లోపలికి రానిస్తుంది.

పక్కింటావిడ నంబరుకి మాత్రం కాంటాక్టుల్లో స్టార్ పెట్టండి. స్టార్ పెట్టిన నంబర్ల కాల్స్‌కి అనుమతి ఇస్తే ఆవిడ ఎప్పుడు చేసినా మొదటిసారే మోగుతుంది. ఆవిడ ఊరికే చేయదు కదా. మీవారి నంబరు, పాప బడి నంబరు కూడా అందులోనే. అంతకు మించి పెంచకండి. నేను మొహమాటానికి పోయి ఒకసారి పదకొండు మందికి స్టార్లు పెట్టాను, మళ్లీ మొదటికే వచ్చింది. వాట్సాప్‌లో వచ్చే కాల్స్‌కి కూడా ఈ ఏర్పాటు పనిచేస్తుందని నమ్ముకోకండి. అర్జెంటైతే మామూలు కాలే చేయమనండి.

ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో నాలుగు నంబర్లు రాసి అమ్మ ఇంట్లో క్యాలెండరు పక్కన అంటించండి. అన్నిటికంటే పైన 108. మన రాష్ట్రంలో 2005 నుంచీ ఉన్న నంబరే అయినా కంగారులో ఎవరికీ గుర్తురాదు, కూతురి నంబరే గుర్తొస్తుంది. దాని కింద అమ్మని చూసే డాక్టరు, తర్వాత మీరు, ఆ తర్వాత మీ తమ్ముడు. అదే కాగితం పక్కింటావిడకీ ఒకటి ఇవ్వండి.

తమ్ముడి పేరు ఊరికే రాయమనడం లేదు. అమ్మకి బాగోకపోతే ముందు కూతురికే చేస్తారు, కూతురు ఎత్తకపోతే కొడుకు కోప్పడతాడు. ఈ ఏర్పాటు ఎవరు చేశారో తెలియదు గానీ చాలా ఇళ్లలో ఉంది. మీ పనికి గడువులుంటాయని అతనికి తెలియాలి. మొన్నటి కోపాన్ని ఎత్తిచూపకండి, దాని జోలికే పోకండి. "ఈ గురువారం నేను ఫైలు ఇవ్వాలిరా, పొద్దుట్నుంచి సాయంత్రం ఆరు దాకా అమ్మ ఫోను నువ్వు చూసుకో" అని ముందు రోజు రాత్రి ఒక మెసేజీ పెట్టండి. అతను ఆఫీసులో మీటింగులో ఉంటానంటే, మీదీ అలాంటిదే అని చెప్పే అవకాశం అప్పుడొస్తుంది. మృదువుగానే చెప్పండి, కానీ చెప్పండి.

ఇంట్లో అత్తగారు ఉంటే (మీ ఉత్తరంలో రాయలేదు) ఆవిడని ఇందులోకి తప్పకుండా తీసుకోండి. మా అత్తయ్యగారు మొదట్లో "గది తలుపేసుకుని ఏం చేస్తుందో" అనేవారు. ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకుని, నేను చేస్తున్న గుండెజబ్బు మందు కాగితం చదివి వినిపించాను. ఆవిడ వాడే మందుల్లాంటిదే. "ఇది తప్పు రాస్తే ఎవరి ప్రాణం మీదికైనా వస్తుంది కదే" అన్నారు. ఆ తర్వాత నా ఫోను హాల్లో ఆవిడ దగ్గరే ఉండేది. "కోడలు పనిలో ఉందమ్మా, ఒంటిగంటకి చేస్తుంది" అని ఆవిడే చెప్పేవారు. నేను చెబితే నొచ్చుకునే బంధువులు ఆవిడ చెబితే "అయ్యో పర్లేదండీ" అనేవారు. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. ఇప్పటికీ గడువు రోజున హాల్లోకి వచ్చినప్పుడు ఆ కుర్చీ వైపు చూస్తాను.

ఇంట్లో ఎవరూ లేకపోయినా ఫోను పక్క గదిలోనే ఉంచండి. డు నాట్ డిస్టర్బ్ పెట్టి, రింగు మాత్రం పూర్తిగా పెంచండి. మోగిందంటే అది అవసరమైనదే అన్నమాట, లేచి వెళ్లండి. కొన్నాళ్లకి మీ గుండెకి కూడా ఆ తేడా తెలుస్తుంది. ఇప్పుడు ప్రతి మోతా అమ్మ గురించేమో అనిపిస్తోంది. అప్పుడు మోగనంతసేపూ అంతా బాగానే ఉన్నట్టు అవుతుంది.

మరి ఏజెన్సీ. మేనేజరు మూడు నాలుగుసార్లు ఎందుకు చేస్తున్నారంటే, ఆవిడ పైన ఇంకొకరు అడుగుతున్నారు, ఆవిడ దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. అడగకముందే చెప్పేయండి. పని మొదలుపెట్టేటప్పుడు ఒక మెయిల్: "ఫైలు అందింది. మొత్తం 2,400 పదాలు. ఒంటిగంటకి సగం అవుతుంది, సాయంత్రం ఐదున్నరకి పూర్తిగా పంపుతాను. తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా ఫోను దగ్గర ఉండను. మూలం మారినా గడువు మారినా వెంటవెంటనే రెండుసార్లు చేయండి, మిగతావి మెయిల్‌లో పెడితే ఒంటిగంటకి చూస్తాను." ఒంటిగంటకి ఇంకో రెండు వాక్యాలు, ఎంత అయింది, ఏమైనా సందేహాలున్నాయా అని. ఈ రెండు మెయిళ్లకీ కలిపి ఐదు నిమిషాలు పట్టదు. నాకు తెలిసినంతలో "ఎంతవరకు వచ్చిందండీ" అనే కాల్స్‌లో చాలా భాగం వీటితోనే పోతాయి.

ఈ మాట పని ఒప్పుకునేటప్పుడే చెప్పాలి. మధ్యలో విసుక్కుంటూ చెబితే అది గొడవలా వినిపిస్తుంది. పని పోతుందని భయమా? నాకు ఒక ఏజెన్సీ పోయింది, నిజమే చెబుతున్నాను. వాళ్లకి గంటకోసారి మాట్లాడే మనిషి కావాలి. ఆర్నెల్లు కాస్త ఇబ్బంది పడ్డాను. మిగతావాళ్లు మాత్రం, చెప్పిన వేళకి చెప్పినట్టు వస్తోందని చూశాక, అడగడమే మానేశారు. ఆరింటికి ఇమ్మంటే మనసులో ఐదు అనుకుని లెక్క వేసుకోండి. ఆ గంట ఫోన్లకి కాదు, చివరిసారి చదువుకోవడానికి.

ఆఫీసు వేళలు దాటాక ఫోను ఎత్తక్కర్లేదని ఫ్రాన్స్ 2017లో, ఆస్ట్రేలియా 2024లో చట్టాలు అమల్లోకి తెచ్చాయి. వాటి గురించి చదివినప్పుడు సంతోషించాను. కానీ అవి ఉద్యోగులకి. మనలాంటివాళ్లకి యజమాని లేడు, కాబట్టి ఎవరి నుంచి రక్షించాలో చట్టానికీ తెలియదు. మన వేళలు మనం రాసి పంపే ఆ రెండు మెయిళ్లలోనే ఉన్నాయి.

కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి ఉంచుతున్నారా? చాలామంది ఫోను పక్క గదిలో పెట్టి దీన్ని మర్చిపోతారు. పని విడతలో మూసేయండి. పాప క్లాసు గ్రూపుని ఎప్పటికీ మ్యూట్‌లో పెట్టండి, అర్జెంటైతే బడివాళ్లు ఫోనే చేస్తారు. తెలియని నంబర్ల నుంచి వచ్చే వాట్సాప్ కాల్స్ మోగకుండా చేసే సెట్టింగు కూడా 2023 నుంచి ఉంది, ప్రైవసీలో చూడండి.

లోన్ల కాల్స్ గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. 1909కి ఫోను చేసి గానీ, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్ల డీఎన్‌డీ యాప్‌లో గానీ ప్రచార కాల్స్ వద్దని నమోదు చేసుకోండి. ఓటీపీలు, బ్యాంకు మెసేజీలు దీనివల్ల ఆగిపోవు. 140తో మొదలయ్యే నంబరైతే ప్రచారం, చూడగానే వదిలేయొచ్చు. 1600తో మొదలయ్యేది బ్యాంకుల్లాంటి ఆర్థిక సంస్థల సేవా కాల్, తర్వాత చూసుకోవచ్చు. మామూలు పదంకెల నంబరు నుంచి అమ్మకాల కాల్ వస్తే వారంలోపు అదే యాప్‌లో ఫిర్యాదు చేయొచ్చు. పూర్తిగా ఆగుతాయని చెప్పను, తగ్గుతాయి. గడువున్న వారంలో ఆన్‌లైన్‌లో ఏమీ ఆర్డరు పెట్టకండి, పెడితే మీవారి నంబరు ఇవ్వండి.

ఇవన్నీ చేసినా మధ్యలో ఎత్తాల్సిన కాల్ ఒకటి వస్తుంది. లేచేముందు మూడు సెకన్లు తీసుకుని, ఆపిన చోట రెండు "@" గుర్తులు కొట్టండి. వీలైతే పక్కన ఒక ముక్క: "@@ కూడదు". నోట్లో పట్టుకున్నదాన్ని కాగితం మీద పెట్టి వెళ్లడమన్నమాట. తిరిగి వచ్చాక ఆ వాక్యం దగ్గర మొదలుపెట్టకండి, దాని ముందు వాక్యం నుంచి చదవండి. అన్నీ అయ్యాక ఫైల్లో "@@" కోసం వెతకండి, ఒక్కటీ మిగలకూడదు. ఆ గుర్తులు పెట్టిన చోట్లని, మోతాదు అంకెలని, "వచ్చు – కూడదు"లని చివర్లో విడిగా ఒకసారి మూలంతో పోల్చండి. శుభలేఖ కాల్ తర్వాత నేను మొదలుపెట్టిన అలవాటిది. దీని వల్ల దొరికినవి వేళ్ల మీద లెక్కపెట్టలేనన్ని ఉన్నాయి.

ఆడపడుచు, పిన్ని, స్నేహితురాలు. వీళ్ల మీద కోపం పెట్టుకోకండి. మా చిన్నప్పుడు ఫోను పక్కింట్లో ఉండేది, పీపీ నంబరు అని శుభలేఖల మీద కూడా వేసేవాళ్లం. పక్కింటివాళ్లు కేకేసి పిలిస్తే పరిగెత్తేవాళ్లం, కాబట్టి ఎవరైనా చేసేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించేవారు. సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలో, 2003 మే దాకా, మనకి వచ్చిన కాల్‌కి కూడా మనమే డబ్బు కట్టేవాళ్లం. 2016లో జియో వచ్చాక కాల్‌కి విడిగా ఖర్చన్నదే పోయింది. ఖర్చు లేదు కాబట్టి ఆలోచనా లేదు, ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. మీ మీద ప్రేమ ఉన్నవాళ్లే చేస్తారు. ఒకసారి అందరికీ ఒకే మాట చెప్పండి: "ఒంటిగంట నుంచి రెండు దాకా, రాత్రి ఎనిమిది తర్వాత తీరిగ్గా మాట్లాడతాను." ఆ వేళల్లో నిజంగానే తీరిగ్గా మాట్లాడండి. మిస్డ్ కాల్ చూసి తిరిగి చేయకపోతే మాత్రం ఈ ఏర్పాటంతా వారంలో కూలిపోతుంది. తిరిగి చేస్తుందన్న నమ్మకం ఉన్నంతకాలం ఎవరూ రెండోసారి చేయరు.

వచ్చే ఆదివారం పాపని తీసుకుని అమలాపురం వెళ్లిరండి. కాగితం క్యాలెండరు పక్కన అంటించండి. పక్కింటావిడకి ఆ రోజు కోసం ఒక చీరో, పళ్లో పట్టుకెళ్లి, మీ తమ్ముడి నంబరు ఆవిడ ఫోనులో మీ చేత్తో ఎక్కించండి. తర్వాత మీ ఫోను డు నాట్ డిస్టర్బ్‌లో పెట్టి, పాప చేతికిచ్చి వసారాలోకి పంపండి. అమ్మ చేత మీకు ఫోను చేయించండి. మొదటిసారి మోగకూడదు. పెట్టేసి వెంటనే మళ్లీ చేయమనండి. రెండోసారి మోగాలి. మోగకపోతే సెట్టింగు చూసుకుని ఇంకోసారి చేయించండి. ఆవిడకి అది అలవాటయ్యే దాకా, మీకు నమ్మకం కుదిరే దాకా, ఎన్నిసార్లయినా సరే.